హ్యూగో గ్రోషియస్

హ్యూగో గ్రోషియస్ (ఏప్రిల్ 10, 1583 – ఆగష్టు 28, 1645) నెదర్లాండ్స్ దేశానికి చెందిన సుప్రసిద్ధ న్యాయశాస్త్రవేత్త, కవి, చరిత్రకారుడు మరియు దౌత్యవేత్త. డచ్చి భాషలో ఈయన పేరు హ్యూగో డె గ్రోట్. లాటిన్ గ్రంథాలపై వాడిన గ్రోషియస్ అన్న రూపమే లోకంలో స్థిరపడింది. అంతర్జాతీయ న్యాయశాస్త్రానికి పునాదులు వేసినవారిలో ఈయన ప్రముఖుడు. సముద్రాలపై ఏ రాజ్యానికీ యాజమాన్యం ఉండదని వాదించిన మారే లిబెరమ్ (1609), యుద్ధకాలంలో సైతం రాజ్యాలు పాటించవలసిన ధర్మాలను వివరించిన డె జూరె బెల్లి ఆక్ పాకిస్ (1625) ఈయన ప్రధాన రచనలు.

వీటితో పోలిస్తే తక్కువమందికి తెలిసినా, కొన్ని దేశాల ప్రజల నిత్యజీవితాన్ని ఎక్కువగా తాకిన గ్రంథం మరొకటి ఉన్నది. అది ఈయన కారాగారంలో ఉండగా డచ్చి భాషలో వ్రాసిన హాలండు న్యాయశాస్త్ర ప్రవేశిక. భూమి, ఇల్లు, తనఖా, వారసత్వం వంటి విషయాలకు ఈ గ్రంథం డచ్చి పదజాలాన్ని సమకూర్చింది. తరువాతి కాలంలో డచ్చివారి వలస రాజ్యాలు కొన్ని బ్రిటిషువారి వశం కావడంతో ఆ పదాలను ఆంగ్లంలోకి మార్చవలసిన అవసరం కలిగింది. ఒక్కొక్క పదం వెనుక ఒక్కొక్క హక్కు ఉన్నందున ఆ అనువాదం న్యాయస్థానాలకు సంబంధించిన విషయం అయింది.

బాల్యము, విద్యాభ్యాసము

గ్రోషియస్ హాలండు ప్రాంతంలోని డెల్ఫ్ట్ నగరంలో జన్మించాడు. తండ్రి యాన్ డె గ్రోట్, తల్లి అలీడా వాన్ ఓవర్‌స్ఖీ. తండ్రి ఆ నగరానికి పాలకుడిగాను, లైడెన్ విశ్వవిద్యాలయ పర్యవేక్షకులలో ఒకడిగాను పనిచేసాడు. విజ్ఞానశాస్త్రంలోను ఆయనకు ఆసక్తి మెండు. బరువైన వస్తువు, తేలికైన వస్తువు ఒకే వేగంతో నేలకు చేరుతాయని నిరూపించడానికి గణితజ్ఞుడు సైమన్ స్టెవిన్‌తో కలిసి ఆయన డెల్ఫ్ట్‌లో సీసపు గుండ్లను ఎత్తునుండి జారవిడిచాడు. ఈ స్టెవిన్, లాటిన్‌కు బదులుగా డచ్చి భాషలోనే శాస్త్ర పదాలను నిర్మించాలని పట్టుబట్టిన పండితుడు. గ్రోషియస్ తరువాత న్యాయశాస్త్రంలో చేసిన పని కూడా ఇటువంటిదే.

గ్రోషియస్ బాల మేధావి. 11 ఏళ్ళ వయసులో లైడెన్ విశ్వవిద్యాలయంలో చేరాడు. అక్కడ జోసెఫ్ స్కాలిజర్ వంటి మహాపండితుల సాన్నిహిత్యం లభించింది. 1598లో హాలండు రాజకీయ నాయకుడు యోహాన్ వాన్ ఓల్డెన్‌బార్నెవెల్ట్ వెంట ఫ్రాన్సుకు వెళ్ళి, నాల్గవ హెన్రీ రాజు ప్రశంసలు అందుకున్నాడు. ఆ పర్యటనలోనే ఓర్లియన్స్ విశ్వవిద్యాలయం నుండి న్యాయశాస్త్రంలో డాక్టరేటు పొందాడు. అప్పటికి ఈయన వయసు 15 సంవత్సరాలు.

న్యాయవాద వృత్తి

1599లో గ్రోషియస్ హేగ్ నగరంలో న్యాయవాదిగా ప్రవేశించాడు. 1601లో హాలండు ప్రభుత్వం ఈయనను ఆస్థాన చరిత్రకారునిగా నియమించింది. 1603లో డచ్చి నావికుడు యాకొబ్ వాన్ హీమ్‌స్కెర్క్ సింగపూరు సమీపంలో శాంటా కటరీనా అనే పోర్చుగీసు నౌకను పట్టుకున్నాడు. అందులోని సరుకు ఆమ్‌స్టర్‌డామ్‌లో 30 లక్షల గిల్డర్లకు పైగా ధర పలికింది. ఆ సొమ్ము న్యాయంగా దక్కినదేనా అన్న వివాదం చెలరేగడంతో, డచ్చి ఈస్టిండియా కంపెనీ తరఫున గ్రోషియస్ ఒక పెద్ద గ్రంథం వ్రాసాడు. అది ఈయన జీవితకాలంలో పూర్తిగా వెలుగు చూడలేదు. వ్రాతప్రతి 1864లో బయటపడింది. అందులోని ఒక అధ్యాయం మాత్రం 1609లో మారే లిబెరమ్ అన్న పేరుతో అచ్చయింది.

ఈ వాదం ఏ కంపెనీకి అండగా నిలిచిందో ఆ కంపెనీయే 17వ శతాబ్ది తొలి దశకంలో మచిలీపట్నంలో వర్తక స్థానాన్ని ఏర్పరచుకున్నది. తెలుగువారు హాలండు దేశస్థులను వలందులు అని పిలిచేవారు. మచిలీపట్నంలోని వలందపాలెం పేరులో ఆ జ్ఞాపకం నిలిచి ఉన్నది.

1607లో గ్రోషియస్ ప్రభుత్వ న్యాయాధికారి అయ్యాడు. 1608లో మరియా వాన్ రైగర్స్‌బెర్ఖ్‌ను వివాహమాడాడు. 1613లో రోటర్‌డామ్ నగరానికి ప్రధాన న్యాయ సలహాదారుగా నియమితుడయ్యాడు.

మత వివాదము, కారాగారవాసము

ఆ కాలంలో డచ్చి గణతంత్రంలో ప్రొటెస్టంటు మతస్థుల మధ్య తీవ్రమైన విభేదాలు తలెత్తాయి. మానవుని మోక్షం విషయంలో దైవ నిర్ణయానికి, మనిషి ఇచ్ఛకు గల స్థానమే వివాదానికి మూలం. ఓల్డెన్‌బార్నెవెల్ట్, గ్రోషియస్ ఉదారవాదుల పక్షం వహించారు. సైన్యాధిపతి మారిస్ ఆఫ్ నసావ్ వారి ప్రత్యర్థుల పక్షం వహించాడు. 1618 ఆగష్టు 29న ఇద్దరు నాయకులూ నిర్బంధింపబడ్డారు. 1619 మే 13న ఓల్డెన్‌బార్నెవెల్ట్‌కు శిరచ్ఛేదం జరిగింది. అయిదు రోజుల తరువాత గ్రోషియస్‌కు యావజ్జీవ కారాగార శిక్ష, ఆస్తుల జప్తు విధింపబడ్డాయి.

1619 జూన్‌లో ఈయనను లూవెస్టైన్ కోటకు తరలించారు. మాస్, వాల్ నదులు కలిసే చోట, ఖోరిన్ఖెమ్ పట్టణానికి సమీపంలో ఈ కోట ఉన్నది. భార్య మరియా కూడా ఈయనతో పాటు కోటలో నివసించడానికి అనుమతి పొందింది. పుస్తకాలు తెప్పించుకోవడానికి అధికారులు అభ్యంతరం చెప్పలేదు. మిత్రులు ఒక పెద్ద పెట్టెలో పుస్తకాలు పంపేవారు. చదివిన పుస్తకాలు, మాసిన బట్టలు అదే పెట్టెలో తిరిగి వెళ్ళేవి.

హాలండు న్యాయశాస్త్ర ప్రవేశిక

కోటలో గడిపిన రెండేళ్ళలోపు కాలంలో గ్రోషియస్ పలు రచనలు చేసాడు. వాటిలో ముఖ్యమైనది ఇన్‌లైడింగె అని క్లుప్తంగా పిలువబడే హాలండు న్యాయశాస్త్ర ప్రవేశిక. తన కుమారుల చదువు కోసం ఈయన దీనిని వ్రాసాడు. తండ్రిగా వారికి ఆస్తి ఇవ్వగల స్థితి అప్పటికి ఈయనకు లేదు. తన ఆస్తి జప్తయిన తరువాత, బయటి ప్రపంచానికి దూరమై, ఆస్తి అంటే ఏమిటో, అది ఎవరికి ఎలా చెందుతుందో ఈయన వివరంగా వ్రాసాడు.

అప్పటివరకు న్యాయశాస్త్రం లాటిన్‌లోనే నడిచేది. రోము చట్టం ఒకవైపు, ఊరూరా వేర్వేరుగా ఉన్న హాలండు ఆచారాలు మరొకవైపు, పాలకుల శాసనాలు ఇంకొకవైపు ఉండేవి. ఈ మూడింటినీ కలిపి ఒకే క్రమంలో, అదీ ప్రజల భాషలో చెప్పడం గ్రోషియస్ సాధించిన విశేషం. గ్రంథం మూడు భాగాలుగా ఉన్నది. మొదటి భాగం వ్యక్తుల స్థితిని, రెండవ భాగం వస్తువులపై హక్కులను, మూడవ భాగం ఋణబాధ్యతలను చర్చిస్తుంది. రోము న్యాయంలోని ఒక్కొక్క భావనకు ఈయన డచ్చి పేరు పెట్టాడు. లాటిన్ సమానార్థకాలు పుట అంచులలో కనిపిస్తాయి. కొన్ని పేర్లు జనం నోట ఉన్నవే. కొన్ని ఈయన కూర్చినవి.

రెండవ భాగం భూమి హక్కులకు సంబంధించి అత్యంత ముఖ్యమైనది. వస్తువుపై నేరుగా ఉండే హక్కుకు బెహేరింగ్ అనీ, మరొక వ్యక్తి నుండి రావలసిన దానిపై ఉండే హక్కుకు ఇన్‌స్ఖుల్ట్ అనీ పేర్లు పెట్టాడు. ఎత్తి తీసుకుపోగల ఆస్తి తిల్బార్, అలా తీసుకుపోలేనిది ఒంతిల్బార్. యాజమాన్యాన్ని పూర్ణమైనది, లోపం గలది అని రెండు రకాలు చేసాడు. ఇతరుల హక్కు ఏదైనా భూమిపై మిగిలి ఉంటే ఆ భూమి యజమానిది లోపం గల యాజమాన్యం. ఈ విభజన వల్ల దారి హక్కు, నీటి హక్కు, జీవితకాలపు అనుభవ హక్కు, వంశపారంపర్యపు కౌలు, తనఖా అన్నీ ఒకే చట్రంలో ఇమిడాయి.

స్థిరాస్తి బదిలీకి కేవలం ఒప్పందం చాలదని, భూమి ఉన్న ప్రాంతపు న్యాయస్థానం ఎదుట అప్పగింత జరగాలని హాలండులో నియమం ఉండేది. అయిదవ ఛార్లెస్ 1529లో చేసిన శాసనం దీనిని స్థిరపరచింది. అమ్మకం, అప్పగింత రెండు వేర్వేరు మెట్లు అన్న ఈ భావన డచ్చి భూమి చట్టానికి నేటికీ ఆధారం.

గ్రంథం 1631లో హేగ్ నగరంలో అచ్చయి, అదే సంవత్సరం పలుమార్లు ముద్రణ పొందింది. 1644లో ఖ్రూనెవేఖెన్ అనే న్యాయవేత్త దీనికి వివరణలు చేర్చాడు.

పెట్టెలో పలాయనము

పుస్తకాల పెట్టెను మొదట్లో శ్రద్ధగా తనిఖీ చేసిన కాపలావారు క్రమంగా నిర్లక్ష్యం వహించారు. ఇది గమనించిన మరియా భర్తను పెట్టెలో దాచి పంపడానికి పథకం వేసింది. 1621 మార్చి 22న గ్రోషియస్ పెట్టెలో ముడుచుకొని పడుకున్నాడు. ఎల్స్యె వాన్ హౌవెనింగ్ అనే పనిమనిషి పెట్టెకు తోడుగా పడవలో ఖోరిన్ఖెమ్ చేరింది. అక్కడి మిత్రుల ఇంట పెట్టె తెరిచారు. గ్రోషియస్ తాపీపనివాని వేషంలో నగరం దాటి ఆంట్‌వెర్ప్‌కు, అక్కడి నుండి పారిస్‌కు చేరాడు. కోటలోనే ఉండిపోయిన మరియాను కొద్దిరోజుల తరువాత అధికారులు విడుదల చేసారు.

ప్రవాస జీవితము, మరణము

ఫ్రాన్సు రాజు పదమూడవ లూయీ గ్రోషియస్‌కు భృతి మంజూరు చేసాడు గాని అది సక్రమంగా అందేది కాదు. 1625లో పారిస్‌లో డె జూరె బెల్లి ఆక్ పాకిస్ వెలువడింది. ఐరోపా ముప్పై ఏళ్ళ యుద్ధంలో మునిగి ఉన్న కాలంలో వచ్చిన ఈ గ్రంథం ఈయనకు శాశ్వత కీర్తి తెచ్చింది. 1631లో స్వదేశానికి తిరిగి వెళ్ళినా అక్కడ నిలువనీయలేదు. 1632లో హాంబర్గ్‌కు వెళ్ళిపోయాడు. 1634లో స్వీడన్ కొలువులో చేరి, మరుసటి సంవత్సరం నుండి పారిస్‌లో ఆ దేశ రాయబారిగా పనిచేసాడు.

1645లో స్వీడన్ రాణి క్రిస్టీనా ఈయనను వెనుకకు పిలిపించింది. స్టాక్‌హోమ్ నుండి తిరుగు ప్రయాణంలో ఓడ తుఫానులో చిక్కింది. తీరం చేరి, భూమార్గాన ప్రయాణిస్తూ అనారోగ్యంతో జర్మనీలోని రోస్టాక్‌లో ఆగష్టు 28న మరణించాడు. భౌతికకాయాన్ని డెల్ఫ్ట్‌లోని నూతన చర్చిలో సమాధి చేసారు. జీవించి ఉండగా స్థానమివ్వని దేశం మరణానంతరం చోటిచ్చింది.

ఆంగ్లానువాదాలు

18వ శతాబ్ది చివర, 19వ శతాబ్ది మొదట సింహళం, దక్షిణాఫ్రికాలోని కేప్ ప్రాంతం, దక్షిణ అమెరికాలోని గయానా ప్రాంతాలు డచ్చివారి నుండి బ్రిటిషువారి వశమయ్యాయి. కొత్త పాలకులు అక్కడి చట్టాన్ని వెంటనే రద్దు చేయలేదు. రోమన్-డచ్చి న్యాయం అన్న పేరుతో అది కొనసాగింది. దాని ఫలితంగా ఆంగ్లం తప్ప డచ్చి రాని న్యాయమూర్తులు డచ్చి గ్రంథాల ఆధారంగా భూ వివాదాలను తీర్చవలసి వచ్చింది.

గ్రోషియస్ ప్రవేశికకు మొదటి ఆంగ్లానువాదాన్ని ఛార్లెస్ హెర్బర్ట్ 1845లో లండన్‌లో వెలువరించాడు. దక్షిణాఫ్రికా న్యాయవేత్త మాస్‌డోర్ప్ 1878లో మరొక అనువాదం ప్రచురించాడు. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో రోమన్-డచ్చి న్యాయ ఆచార్యుడైన రాబర్ట్ వార్డెన్ లీ అనువాదం 1926లో, దానికి వ్యాఖ్యాన సంపుటం 1936లో వచ్చాయి. లీ యువకునిగా సింహళ ప్రభుత్వ సేవలో పనిచేసినవాడు.

అనువాదములోని చిక్కులు

ఇంగ్లండు భూమి చట్టం రోము న్యాయం నుండి పుట్టినది కాదు. అక్కడి సిద్ధాంతం ప్రకారం భూమి అంతా రాజ్యాధినేతదే. పౌరునికి ఉండేది భూమిలో ఒక హక్కు మాత్రమే. అందువల్ల డచ్చి పదానికి దగ్గరగా కనిపించే ఆంగ్ల పదాన్ని తీసుకుంటే హక్కు స్వరూపమే మారిపోయే ప్రమాదం ఉన్నది. ముఖ్యమైన ఉదాహరణలు:

ఐగెన్‌డోమ్ (యాజమాన్యం) – దీనిని ఇంగ్లండులోని ఫ్రీహోల్డ్‌గా అనువదించడం సరికాదు. ఫ్రీహోల్డ్ అనేది పైన చెప్పిన సిద్ధాంతంలో భాగం. డచ్చి యజమానికి పైన మరొక ప్రభువు లేడు. కనుక ఓనర్‌షిప్ అన్న సాధారణ పదమే దగ్గరగా ఉంటుంది.

ఎర్ఫ్‌పాఖ్ట్ (వంశపారంపర్యపు కౌలు) – ఏటా నిర్ణీత మొత్తం చెల్లిస్తూ ఇతరుల భూమిని అనుభవించే హక్కు. దీనిని లీజుహోల్డ్ అనడం పరిపాటి. కాని ఇది సాధారణ కౌలు వలె ఇద్దరి మధ్య ఒప్పందం కాదు. భూమినే అంటిపెట్టుకొని ఉండే హక్కు. దీనిని అమ్మవచ్చు, తనఖా పెట్టవచ్చు, వారసులకు ఇవ్వవచ్చు. అందువల్ల పండితులు రోము న్యాయం నాటి ఎంఫిట్యూసిస్ అన్న పదాన్ని ఆశ్రయించారు. అది ఖచ్చితమైనదే గాని సామాన్యునికి అర్థం కాదు.

ఎర్ఫ్‌దీన్‌స్ట్‌బార్‌హైట్ – పొరుగు భూమి గుండా నడిచే దారి, నీరు పారే కాలువ, కిటికీకి వచ్చే వెలుతురు వంటి హక్కులు. భారతదేశంలో 1882 నాటి చట్టం వీటిని ఈజ్‌మెంటు అంటుంది. దక్షిణాఫ్రికా, శ్రీలంకలలో సర్విట్యూడ్ అన్న మాట స్థిరపడింది.

లైఫ్‌టోఖ్ట్ – ఆస్తిని పాడు చేయకుండా దాని ఫలాన్ని జీవితకాలం అనుభవించే హక్కు. ఆధునిక డచ్చిలో దీనిని వ్రుఖ్ట్‌గెబ్రూక్ అంటారు. వితంతువుల పోషణకు ఇది ముఖ్యాధారంగా ఉండేది. ఇంగ్లండులో జీవితకాలపు ఎస్టేటు దీనికి దగ్గరిది గాని రెండూ ఒకటి కావు. అందుచేత లాటిన్ నుండి వచ్చిన యూసుఫ్రక్ట్ అన్న పదాన్ని వాడతారు.

హిపోటేక్ (తనఖా) – దీనికి మార్ట్‌గేజ్ అన్న అనువాదం వ్యాప్తిలో ఉన్నది. అయితే 1925 సంస్కరణలకు ముందు ఇంగ్లండు మార్ట్‌గేజ్‌లో భూమి యాజమాన్యమే ఋణదాత పేరిట బదిలీ అయి, బాకీ తీరిన తరువాత తిరిగి వచ్చేది. డచ్చి పద్ధతిలో యాజమాన్యం ఋణగ్రస్తుని వద్దనే ఉంటుంది. ఋణదాతకు ఉండేది బాకీకి హామీ మాత్రమే. భారతదేశపు ఆస్తి బదిలీ చట్టం (1882) ఇంగ్లీషు తనఖాను తనఖాలలో ఒక ప్రత్యేక రకంగా పేర్కొనడాన్ని బట్టి ఈ తేడా ఎంత ముఖ్యమైనదో గ్రహించవచ్చు.

నోటారిస్ – దీనిని నోటరీ అని వ్రాస్తే ఆంగ్ల పాఠకులే గాక భారతీయులు కూడా పొరబడతారు. భారతదేశంలో నోటరీ ప్రధానంగా పత్రాలను ధ్రువీకరించేవాడు. నెదర్లాండ్స్‌లో నోటారిస్ ఉభయ పక్షాలకు తటస్థుడైన న్యాయనిపుణుడు. ఆయన పత్రం లేనిదే స్థిరాస్తి బదిలీ కాదు. అందువల్ల ఆంగ్లంలో సివిల్-లా నోటరీ అని వివరంగా వ్రాయడం వాడుకలోకి వచ్చింది.

కొన్ని మాటలను అనువదించకుండా వదలివేయడమే మేలని న్యాయస్థానాలు భావించాయి. ఇల్లు చేతులు మారినా అద్దెకున్నవాని హక్కు చెడదని చెప్పే హ్యూర్ గాట్ ఫోర్ కోప్ అన్న సూత్రాన్ని దక్షిణాఫ్రికా తీర్పులు ఆంగ్ల వాక్యాల నడుమ డచ్చిలోనే వాడుతూ వచ్చాయి. ఇంటిస్థలాన్ని ఆ దేశపు ఆంగ్లంలో ఎర్ఫ్ అనే అంటారు. గయానాలో రోమన్-డచ్చి న్యాయాన్ని 1917 నుండి చాలవరకు తొలగించినప్పటికీ, భూమి హక్కు పత్రాన్ని ట్రాన్స్‌పోర్ట్ అని పిలవడం పోలేదు. బండ్లతో గాని ఓడలతో గాని దీనికి సంబంధం లేదు. న్యాయస్థానం ఎదుట జరిగే అప్పగింతకు డచ్చివారు వాడిన పేరు ఇది.

తదనంతర ప్రభావము

నెదర్లాండ్స్‌లో 1809 తరువాత ఫ్రెంచి ప్రభావంతో కొత్త చట్టాలు వచ్చాయి. 1838లో పౌర స్మృతి అమలులోకి వచ్చింది. ఆస్తి హక్కులకు సంబంధించి నేడున్న స్మృతి 1992 జనవరి 1 నుండి అమలులో ఉన్నది. గ్రోషియస్ వాడిన పదాలలో బెహేరింగ్, ఇన్‌స్ఖుల్ట్ వంటివి వాడుక తప్పాయి. ఐగెన్‌డోమ్, ఎర్ఫ్‌పాఖ్ట్, ఎర్ఫ్‌దీన్‌స్ట్‌బార్‌హైట్ మాత్రం నేటి స్మృతిలోను ఉన్నాయి. ఆమ్‌స్టర్‌డామ్ నగరం 1896 నుండి తన భూములను ఎర్ఫ్‌పాఖ్ట్ పద్ధతిలో ఇవ్వడం మొదలుపెట్టినందున, అక్కడ ఇల్లు కొనే విదేశీయులు కూడా ఈ మాటను తెలుసుకోక తప్పదు. ఇల్లు తమదైనా దాని క్రింది నేల తమది కాకపోవచ్చునన్న విషయం ఆ ఒక్క పదంలోనే ఉన్నది.

డచ్చి చట్టం స్వదేశంలో మారినప్పటికీ దక్షిణాఫ్రికా, శ్రీలంకలలో పాత రోమన్-డచ్చి న్యాయం పలు అంశాలలో కొనసాగుతున్నది. గ్రోషియస్ ప్రవేశికను అక్కడి న్యాయస్థానాలు ప్రామాణిక గ్రంథాలలో ఒకటిగా పరిగణిస్తాయి. కుమారుల కోసం చెరసాలలో వ్రాసిన పాఠ్యపుస్తకం ఆ విధంగా సముద్రాల ఆవలి ప్రజల ఇళ్ళకు, పొలాలకు ప్రమాణమైంది.

స్మారకాలు

1886లో డెల్ఫ్ట్ నగర కూడలిలో గ్రోషియస్ విగ్రహాన్ని ప్రతిష్ఠించారు. 1899 హేగ్ శాంతి సమావేశం సందర్భంగా అమెరికా ప్రతినిధులు ఈయన సమాధిపై వెండి పుష్పగుచ్ఛం ఉంచారు. లూవెస్టైన్ కోట నేడు ప్రదర్శనశాల. ఈయన పారిపోయిన పెట్టెగా చెప్పబడే పెట్టెలు నెదర్లాండ్స్‌లో ఒకటికంటె ఎక్కువ చోట్ల ఉన్నాయి.